పాపక్షమయు పరుల ఋణమును

కర్మసిద్ధాంతమున క్షమకు చోటు లేదనియు, గతమున చేసిన తప్పిదములతో క్రుంగిన మనుష్యునకు క్రీస్తు శిలువపాదమునొద్ద తప్ప మరి యెచ్చటను ఊరట దొరకదనియు ఒక వాదము మన దేశమున చిరకాలముగా వినవచ్చుచున్నది. క్రైస్తవ ప్రబోధకులు ఈ మాట అనుటలో వింత లేదు. అది వారి విశ్వాసము. వింత ఏమన, మన వేదికలపై కూర్చుండి ప్రవచనములు చెప్పువారిలో కొందరు దీనిని ఖండింపక సంతోషముగా అంగీకరించుట. అవును, మా ధర్మమున క్షమాపణలు లేవు, చేసినవాడు అనుభవింపవలసినదే, మాది కార్యకారణనియమము, మీది పాపమునకు పరవానా అని వారు సగర్వముగా పలుకుదురు. సభ చప్పట్లు కొట్టును. ఆ సభలో వెనుక వరుసను ఒకడు కూర్చుండి యుండును. పదేండ్ల క్రిందట తాను చేసిన ద్రోహము తలపునకు వచ్చి నిద్ర పట్టక, ఏదైన దారి చెప్పుదురేమో అని వచ్చినవాడు. వాడు తల వంచుకొని లేచి పోవును. ఎచ్చటికి పోవునో మనకు తెలియును. పోయిన తరువాత వానిని నిందించుటయు మనకు తెలియును.

ఈ రెండు పక్షములును అసత్యములే అని నా మనవి. మన శాస్త్రమున క్షమ లేదనుట శాస్త్రము చదువనివారి మాట. క్షమ ఉండుట పాపమునకు పరవానా యనుట క్షమ యననేమో విచారింపనివారి మాట. అయితే ఈ రెండింటికంటె లోతైన ప్రశ్న ఒకటి కలదు. దానిని ఇరువాగుల వారును దాటవేయుచున్నారు. ఆ ప్రశ్నకొరకే ఈ వ్యాసము.

పూర్వపక్షమును దాని బలమైన రూపముననే ఎత్తవలెను. బలహీనరూపమును పడగొట్టి జయించితి ననుకొనుట తార్కికునకు తగదు. కావున వీధిచివర మైకు పట్టినవాని కేకలు వదలి, క్రైస్తవులు స్వయముగా మేలిమి ఉదాహరణముగా చూపు జాన్ న్యూటన్ చరిత్రను తీసికొందము. ఈతడు 1725లో లండనులో జన్మించెను. ఏడేండ్లు నిండకముందే తల్లి పోయెను. తండ్రి ఓడ నడుపువాడు. కుమారుడును సముద్రము పాలయ్యెను. బలవంతముగా నౌకాదళమున చేర్చబడి, పారిపోజూచి పట్టుబడి కొరడాదెబ్బలు తినెను. తరువాత పశ్చిమ ఆఫ్రికా తీరమున బానిసవర్తకునికడ చాకిరి చేసి, ఆకలికిని అవమానమునకును గురియయ్యెను. దైవదూషణ చేయుటలో ఓడవారినే దిగ్భ్రాంతులను చేయగలవాడని పేరు. 1748 మార్చిలో స్వదేశమునకు మరలి వచ్చుచుండగా తుపాను చెలరేగి ఓడ మునుగనున్న వేళ ఆతని నోట దేవుని పేరు వచ్చెను. ఓడ నిలిచెను. ఆ దినమును ఆతడు జీవితాంతము వరకు తన పునర్జన్మదినముగా పాటించెను. 1764లో ఓల్నీ అను చిన్న పట్టణమున మతగురువయ్యెను. 1773 సంవత్సరాదినాటి ప్రసంగమునకై వ్రాసిన గీతమే నేడు ప్రపంచమంతట పాడబడుచున్న అమేజింగ్ గ్రేస్. పతితుడైన తనను అర్హతాలేశము లేకున్నను అనుగ్రహము ఉద్ధరించినదని దాని భావము.

ఈ చరిత్ర విని కదలని హృదయము ఉండదు. మన వాఙ్మయమునందు విప్రనారాయణుని కథ విని కన్నీరు పెట్టినవారు న్యూటను కథ విని పరిహసింపజాలరు. అర్హత చూపి కొనదగినది అనుగ్రహము కాదు. కొనదగినదైనచో అది కూలియే. ఈ తత్త్వమును పౌలు చెప్పెను, 1517లో విట్టెన్‌బర్గ్ నగరమున పాపవిమోచన పత్రముల విక్రయముపై మార్టిన్ లూథర్ తిరుగబడినపుడు ఈ తత్త్వమే ఆయనకు ఆయుధమయ్యెను. మన శ్రీవైష్ణవాచార్యులు లూథరునకు రెండు శతాబ్దములు ముందే దీనిని మిక్కిలి సూక్ష్మముగా చర్చించి యున్నారు. జర్మను పండితుడు రూడాల్ఫ్ ఒట్టో 1930లో భారతీయ ప్రపత్తిమార్గమును క్రైస్తవ అనుగ్రహవాదమును పోల్చి ఒక గ్రంథమే వ్రాయవలసివచ్చెను. ఇంతవరకు మనకును న్యూటనునకును తగవు లేదు.

తగవు తేదీలయొద్ద వచ్చుచున్నది. తుపాను 1748లో వచ్చెను. న్యూటను బానిసల ఓడకు నాయకుడైనది 1750లో. అనగా క్షమ లభించిన తరువాత. 1754 వరకు మూడు యాత్రలు ఆతడు నాయకుడుగా నడపెను. ఓడపైభాగమున ఆదివారము సిబ్బందిచేత ప్రార్థన చేయించుచు, క్రిందిభాగమున గొలుసులతో బంధింపబడిన మనుష్యులను అట్లాంటిక్ సముద్రము దాటించెను. ఆ వృత్తి మానినది అంతరాత్మ ప్రబోధమున కాదు. అకస్మాత్తుగా వ్యాధి వచ్చి పడుటవలన. దాని న్యాయమును గూర్చి ఆ దినములలో తనకు సందేహమే కలుగలేదని ఆతడే వ్రాసికొనెను. 1748 నాటికి తాను పూర్ణార్థమున విశ్వాసిని కానని కూడ తరువాత ఒప్పుకొనెను. ఆ మాట ఆతనికి గౌరవమే. అయినను 1764లో గురువయ్యెను, 1773లో గీతము వ్రాసెను, 1779లో కీర్తనల సంపుటము ప్రకటించెను. బానిసవర్తకమును గూర్చి బహిరంగముగా నోరు విప్పినది 1788లో. తుపానునకు నలుబది యేండ్ల తరువాత. ఈ ఒప్పుకోలు ఆలస్యముగా వచ్చినదని ఆ పుస్తకముననే తలవంచి చెప్పెను. అటుపై ప్రభుత్వము నెదుట సాక్ష్యము చెప్పెను, విల్బర్‌ఫోర్స్‌నకు అండగా నిలిచెను. 1807 మార్చిలో బ్రిటిష్ పార్లమెంటు ఆ వర్తకమును నిషేధించెను. అదే యేడు డిసెంబరులో న్యూటను మరణించెను.

ఇప్పుడు ప్రశ్న. 1748లో క్షమించినది ఎవరు? దేవుడు అందురు. సరే. 1751లో ఆ ఓడ అడుగున గొలుసుతో పడియున్నవాడు ఆ క్షమలో భాగస్వామియా? వానిని ఎవరైన అడిగిరా? వాని బిడ్డను అమ్మినది వాని విషయమున చేసిన అపరాధము కాదా? అపరాధము ఒకనిపట్ల, క్షమాపణ వేరొకనినుండి యన్నచో ఇది ఏ న్యాయస్థానమున చెల్లును? పొరుగువాని గోవును తోలుకొనిపోయినవాడు దేవుని క్షమ పొంది కన్నీటితో పాట పాడుచుండగా గోవు మాత్రము వాని కొట్టములోనే కట్టియున్నచో, ఆ పాట ఎంత మధురమైనను పొరుగువాని పిల్లలకు పాలు రావు.

పదునొకండవ శతాబ్దము చివర ఆన్సెల్ము అను క్రైస్తవాచార్యుడు ఈ విషయమునే ఋణపరిభాషలో చెప్పెను. పాపము దేవునికి చెల్లింపవలసిన అప్పు; మనుష్యుడు తీర్చలేడు; దేవుడే మనుష్యుడై తీర్చెను. నిర్మాణము గంభీరమైనదే. కాని ఈ లెక్కలపుస్తకమున ఋణదాత ఒక్కడే, దేవుడు. దెబ్బ తిన్న మనుష్యుని పద్దు ఏ పుటలోను కానరాదు. నా ఆక్షేపణ ఇదియే, ఇంతమాత్రమే.

దీనిని పరధర్మనింద అని ఎవరైన తలంతురేమో. తలపవలదు. ఈ ఆక్షేపణకు ఆధారములు క్రైస్తవుల గ్రంథముననే పుష్కలముగా ఉన్నవి. బలిపీఠమునొద్దకు కానుక తెచ్చినవానికి తనపై సోదరునకు కోపకారణము కలదని గుర్తు వచ్చినచో, కానుక అక్కడనే విడిచి పోయి ముందు సోదరునితో సమాధానపడుమని మత్తయి సువార్త ఐదవ అధ్యాయమున యేసు ఆదేశము. లూకా సువార్తలో జక్కయ్య యను సుంకపు గుత్తదారుడు తన ఆస్తిలో సగము బీదలకిచ్చి, అన్యాయముగా తీసికొన్నదానికి నాలుగింతలు మరల ఇచ్చెదనన్న పిమ్మటనే ఆ ఇంటికి రక్షణ వచ్చెనను మాట వినబడును. యూదుల మిష్నా మరింత స్పష్టము: మనుష్యునికిని మనుష్యునికిని మధ్య జరిగిన అపరాధములను ప్రాయశ్చిత్తదినము కూడ తుడువదు, వాడు ఎదుటివానిని ప్రసన్నుని చేసికొన్నదాక. దొంగిలించినది మరల ఇయ్యనిదే మోక్షము లేదని అక్వినాస్ వాదించెను. కృప అధికమగుటకై పాపమున నిలుతుమా యని ప్రశ్నించి పౌలే కూడదనెను. మన కాలమునకు సమీపమున బోన్‌హోఫర్ అను జర్మను గురువు, పశ్చాత్తాపము లేని క్షమను చౌకబారు కృప యని 1937లో ఖండించెను. ఆయన మాటలతో ఊరకుండక నాజీ ప్రభుత్వమును ఎదిరించి 1945లో ఉరికంబమెక్కెను. కనుక నా వాదము ఆ మతముతో కాదు. ఈ క్షణమున విశ్వసింపుము, గతమంతయు తుడిచివేయబడును, ఇంక ఎవరికిని ఏమియు బాకీ లేదు అని చెప్పు ఆ సులభబోధతోనే. ఆ సులభబోధకు మతభేదము లేదు. మన పుష్కరఘట్టములందును అదే అమ్ముడుపోవుచున్నది.

మన సిద్ధాంతమునకు వత్తము. క్షమ లేదనువారు ప్రతిదినము సంధ్యావందనము చేయుచున్నవారైనచో తాము ప్రొద్దున మంత్రాచమనమున ఏమి త్రాగుచున్నారో ఒకమారు అర్థము చూచుకొందురు గాక. మనస్సుతో, వాక్కుతో, చేతులతో, పాదములతో, ఉదరముతో రాత్రి చేసిన పాపము తొలగుగాక యని ఉదయమున సూర్యుని, పగలు చేసినది తొలగుగాక యని సాయంకాలమున అగ్నిని వేడుట ఆ మంత్రముల తాత్పర్యము. ఋగ్వేదము ఏడవ మండలమున వసిష్ఠుడు వరుణుని అడుగునది మరేమి? నా తప్పు ఏది, ఏ తప్పునకు నీవు నీ మిత్రుని దూరముగా నుంచితివి అను ఆర్తి. మనుస్మృతి పదునొకండవ అధ్యాయము పాపము చెప్పికొనుటచేతను, పశ్చాత్తాపముచేతను, తపస్సుచేతను, అధ్యయనముచేతను తొలగుననియు, మరల చేయనను నిశ్చయముతో మరలినవాడు శుద్ధుడగుననియు విధించును. బ్రహ్మసూత్రముల నాల్గవ అధ్యాయము మొదటి పాదమున బ్రహ్మమును పొందినవానికి పూర్వపాపములు నశించుననియు రాబోవునవి అంటవనియు నిర్ణయము; దానికి ఛాందోగ్యమందలి ఇషీకాతూలన్యాయము, అనగా రెల్లుదూది నిప్పున పడి కాలినట్లు అను దృష్టాంతము, ఆధారము. గీత తొమ్మిదవ అధ్యాయమున భగవానుడు మిక్కిలి దురాచారుడైనను అనన్యముగా భజించువానిని సాధువుగానే ఎంచవలెనని పలికెను. ఇంతటి వాఙ్మయము ఎదుట పెట్టుకొని మాకు క్షమ లేదని గర్వించువానిని ఏమనవలెను?

శ్రీవైష్ణవులు ఇంకను ముందునకు పోయిరి. భక్తుని దోషములను ఈశ్వరుడు చూచియు చూడనట్లుండునని వేదాంతదేశికుల పక్షము. అవి ఆయనకు భోగ్యములే యగునని, అప్పుడే పుట్టిన దూడ ఒంటిమీది మాలిన్యమును ఆవు నాకినట్లని పిళ్ళైలోకాచార్యుల పక్షము. ఈ వాత్సల్యమునకు మించిన అనుగ్రహము ఏ మతమున ఎవరు చెప్పిరో నాకు కనబడలేదు.

కాని గమనింపుడు. ఇంతటి వాత్సల్యమును చెప్పిన సంప్రదాయమే ఒక అపరాధమును మాత్రము మినహాయించినది. భాగవత నవమస్కంధమున అంబరీషోపాఖ్యానము చూడుడు. ద్వాదశీపారణ వేళ కోపించి కృత్యను సృష్టించిన దుర్వాసుని సుదర్శనము తరుముకొనెను. బ్రహ్మను ఆశ్రయించెను, లాభము లేదు. శివుని ఆశ్రయించెను, లాభము లేదు. వైకుంఠమున నారాయణుని పాదములపై పడెను. సర్వేశ్వరుడు, సర్వశక్తుడు, కరుణామయుడు అప్పుడు ఏమి చేసెను? నేను క్షమించితి ననలేదు. నేను భక్తపరాధీనుడను, నీవు ఎవనిపట్ల తప్పు చేసితివో వానికడకే పొమ్మని త్రిప్పి పంపెను. అంబరీషుడు అంతవరకు, ఒక సంవత్సరకాలము, నీరు మాత్రమే త్రాగి ఆ ముని రాకకై వేచియుండెను. దుర్వాసుడు వచ్చి పాదములు పట్టగా రాజే సిగ్గుపడి సుదర్శనమును ప్రార్థించి శాంతింపజేసెను.

ఈ ఉపాఖ్యానమును ఏకాదశీవ్రతమాహాత్మ్యముగా చదివి విడుచుట మన దురదృష్టము. ఇందున్నది క్షమాధికారమును గూర్చిన సిద్ధాంతము. దెబ్బ తిన్నవాని హక్కును ఈశ్వరుడు కూడ తన చేతిలోనికి తీసికొనడు. ఓడ అడుగున నున్నవానిని దాటిపోయి నేరుగా పైకి చేసిన ప్రార్థనకు వైకుంఠమున లభించు సమాధానము ఇది. ఆర్తుడు భక్తుడా కాడా యని ఎవరైన కుతర్కము చేసినచో, గొలుసులలోనుండి ఆకసమును చూచి ఏడ్చినవానికంటె ఈశ్వరునకు దగ్గరివాడెవడని వారిని అడుగుదును.

ధర్మశాస్త్రక్రమమును ఇదే. చౌర్యమునకు కృచ్ఛ్రము విధించునపుడు మనువు ముందు ఆ వస్తువును సొంతదారునకు ఇచ్చివేయుమనెను, పిదప వ్రతము. ఈ క్రమమును తలక్రిందులు చేసి, అక్రమార్జనలో కొంత తీసి హుండీలో వేసి, పన్నెండేండ్లకొకసారి గోదావరిలోనో కృష్ణలోనో మూడు మునుకలు వేసి, ఇంటికి వచ్చి అదే దస్తావేజుపై అదే దొంగసంతకముతో అనుభవించువాడు హైందవుడైనంతమాత్రమున న్యూటనుకంటె మెరుగు కాడు. న్యూటను కనీసము తన పేరు పెట్టి ఒప్పుకొనెను.

ఇచ్చట పరీక్షిత్తు వేసిన ప్రశ్న తలచుకొనక తప్పదు. భాగవత షష్ఠస్కంధారంభమున, తెలుగున ఏర్చూరి సింగన రచించిన స్కంధమది, శుకుడు ప్రాయశ్చిత్తములు చెప్పబోగా రాజు అడ్డగించెను. తెలిసి పాపము చేయుచు, ప్రాయశ్చిత్తము చేసికొని మరల అదే చేయువానికి ఈ శుద్ధి ఏపాటిది? ఇది కుంజరశౌచము, ఏనుగు స్నానము చేసి గట్టెక్కగానే మట్టి నెత్తిన పోసికొన్నట్లు. ఏడు దినములలో మరణింపనున్నవాడు గనుక మొగమాటము లేకుండ అడిగెను. శుకుడు ఆక్షేపణను త్రోసిపుచ్చలేదు. కర్మచేత కర్మకు సమూలనాశనము కలుగదని ఒప్పుకొనెను. అజ్ఞానమున్నంతవరకు వేరు మిగిలియే యుండును, విచారమే నిజమైన ప్రాయశ్చిత్తము, దానికంటెను కేవలభక్తి అనెను. అనగా జరిగిన పనిని తుడుచుట ఒకటి, ఆ పనిని పుట్టించిన వాసనను కాల్చుట మరియొకటి. 1748 నాటి తుపాను న్యూటనునందు దైవదూషణను తుడిచెను. మనుష్యుని సరకుగా చూచు చూపును తుడువలేదు. దానికి నలుబది యేండ్లు పట్టెను. ఇది ఆతని దోషముగా కాక అంతఃకరణస్వభావముగా చూచువాడు సాధకుడు. ఏలయన మన క్షమాప్రాప్తి తేదీకిని మన వాసనాక్షయపు తేదీకిని నడుమ ఎన్ని యేండ్లున్నవో మనలో ఎవరును లెక్క కట్టి చూచుకొనియుండరు.

ఆ ప్రశ్నకు సమాధానముగానే శుకుడు అజామిళుని కథ చెప్పెను. మనము దానిని సగమే చెప్పుకొనుచున్నాము. కొడుకును నారాయణా యని పిలిచెను, విష్ణుదూతలు వచ్చి యమభటులను తరిమిరి, అంతే యని. కథ అంతటితో ఆగలేదు. అజామిళుడు బ్రదికెను. వృద్ధులైన తలిదండ్రులను, పతివ్రతయైన భార్యను విడిచితినని కుమిలి, గంగాద్వారమునకు పోయి యోగమున నిలిచి, ఆపై దేహము వదలెను. నామోచ్చారణచే లభించినది వైకుంఠము కాదు, మరల నడచుటకు అవకాశము. అయితే ఆ విడువబడిన భార్య గతి యేమయ్యెనో పురాణము చెప్పదు. అగస్టీను తన పశ్చాత్తాపగ్రంథమున, అనేక సంవత్సరములు తనతో కాపురముండి కుమారుని కని, ఆఫ్రికాకు పంపివేయబడిన స్త్రీని గూర్చి కన్నీటితో వ్రాసెను. ఆమె పేరు మాత్రము వ్రాయలేదు. తరింపజేయబడినవారి కథలలో తరువాయి పాత్రలు ఇట్లే మాయమగుట నాకు ఎప్పుడును మనసునకు ఎక్కదు.

ఇంక మన గర్విష్ఠుల సంగతి. కర్మసిద్ధాంతము ఉత్తమపురుషలో చెప్పదగినది. నా కష్టము నా కర్మ యని ఎవడైన తనకు తాను చెప్పికొన్నచో అది వివేకము, దానివలన ద్వేషము శమించును. నీ కష్టము నీ కర్మ యని ఎదుటివానికి చెప్పినచో అది క్రౌర్యము. ఈశ్వరునకు వైషమ్యనైర్ఘృణ్యములు లేవని నిరూపించుటకై బాదరాయణుడు ఎత్తిన కర్మవాదమును మనము మన నైర్ఘృణ్యమును కప్పిపుచ్చుకొనుటకు వాడుచున్నాము. దీని ఫలము తెలుగుదేశమున కన్నులారా చూచితిమి. 1876 మొదలు 1878 వరకు వచ్చిన ఘోరక్షామము తరువాత, 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఒంగోలు మిషను గురువు క్లౌ ఆధ్వర్యమున అది జరిగెను. వారిలో అధికులు మాదిగలు. అన్నమునకై మతము మారిరని నేటికిని ఎగతాళి చేయువారు కలరు. క్షామసహాయము జరుగుచున్నంతకాలము క్లౌ బాప్తిస్మములు నిలిపివేసెనను సంగతి వారికి తెలియదు. ఆ నీటిలో దిగినవారు ఏ మహాపాపమునకు క్షమ వేడుచుండిరి? బావినీరు తోడుకొనరాదని, గుడి మెట్టు ఎక్కరాదని వారిని తరతరములుగా తరిమినవారు గట్టున ఉండిరి. అపరాధి యెవడు, ఋణదాత యెవడు అను విచారము ఆ ఏటియొడ్డున చేయవలసినది. దుర్వాసుడు అంబరీషుని యింటికి పోయినట్లు ఎవరు ఎవరి వాడకు పోవలసియుండెనో విజ్ఞులు ఎరుగుదురు.

ఇంత చెప్పినను వెనుక వరుసలో కూర్చున్నవాని ప్రశ్న మిగిలియే యున్నది. తీర్చదగిన ఋణము తీర్చవచ్చును. తీర్చుటకు ఎదుటివాడు బ్రదికి లేనిచో? చేసిన ద్రోహమునకు పరిహారమే లేనిచో? తైత్తిరీయోపనిషత్తు బ్రహ్మానందవల్లి చివర ఈ మనుష్యునే చూచి మాటలాడుచున్నది. మంచి ఏల చేయనైతిని, చెడు ఏల చేసితిని అను తలపు బ్రహ్మానందము నెరిగినవానిని తపింపజేయదని అచ్చటి మాట. ఎంత సూక్ష్మమైన మనశ్శాస్త్రము! నరకభయము గూర్చి కాదు, శిక్ష గూర్చి కాదు, రాత్రివేళ వచ్చు ఆ రెండు ఏల అను ప్రశ్నలను గూర్చి శ్రుతి పలికినది. ఈ శాంతి ఎవరో బయటినుండి మన్నించుటవలన వచ్చునది కాదు. ఆ పని చేసిన కర్తృత్వమునే ఆత్మజ్ఞానము విప్పివేయుటవలన వచ్చునది.

అయితే ఈ మహావాక్యార్థమును కూడ చౌక చేయువారు కలరు. నేను కర్తను కాను గనుక నేను ఎవరికిని బాకీ లేనని వారి అద్వైతము. అప్పు తీసికొన్ననాడు కర్తయై, తీర్చవలసిననాడు సాక్షియగు ఈ వేదాంతమును శంకరులు ఎరుగరు. జ్ఞానము సంచితమును కాల్చును, ఆగామిని అంటనీయదు; ప్రారబ్ధము మాత్రము విడిచిన బాణమువలె తన వేగము తీరినగాని ఆగదని వారి భాష్యము. జ్ఞానికి తన విషయమున కర్తృత్వము లేకపోవచ్చును. ఎదుటివాని గాయమునకు మాత్రము అధ్యాసము లేదు, దానినుండి నెత్తురు కారుచునే యుండును. కర్తృత్వము విడిచినవాడు పరిహారము చేయుటకు ఇంకను సులభముగా పూనుకొనవలెను. సిగ్గు, మర్యాద, పరువు అను అడ్డంకులు కర్తకే గాని సాక్షికి లేవు గదా.

బ్రిటిష్ వారు 1833లో తమ వలసదేశములందు బానిసత్వమును రద్దు చేయుచు రెండుకోట్ల పౌనులు పరిహారముగా చెల్లించిరి. ఎవరికి? యజమానులకు. విముక్తులైనవారికి ఒక్క కాసు ఈయలేదు. పైగా 1838 వరకు శిష్యరికమను పేర జీతము లేని చాకిరి చేయించుకొనిరి. అప్పటికి అమేజింగ్ గ్రేస్ పుట్టి అరువది యేండ్లు.

దీనికి ప్రతిగా మన ఇతిహాసమునుండి ఒక మనుష్యుని చూపి విరమింతును. కురుక్షేత్రానంతరము ధర్మరాజు అనుభవించిన పశ్చాత్తాపమునకు మించినది లోకవాఙ్మయమున అరుదు. రాజ్యము వద్దనెను, అడవికి పోయెదననెను. వ్యాసుడు, కృష్ణుడు, భీష్ముడు ఆతనికి చెప్పిన బోధ శాంత్యనుశాసనికపర్వములు నిండినది; ప్రాయశ్చిత్తముగా అశ్వమేధము చేయించిరి. ఇదంతయు ఈశ్వరునివైపు పద్దు. మనుష్యునివైపు పద్దును ఆశ్రమవాసపర్వము చెప్పును. నూర్గురు కొడుకులు పోయిన గ్రుడ్డివాడు అదే యింట ఉండెను. ఆ కొడుకులను చంపినవారి అన్న తానే. ఆ వృద్ధుడు నిర్దోషి కాడు. అయినను ధర్మరాజు దోషములు తూచుచు కూర్చుండలేదు. పదునైదు సంవత్సరములు ధృతరాష్ట్రుని ఆజ్ఞ లేక రాజ్యవ్యవహారము నడపలేదు, ఆయన మనసు నొచ్చు మాట ఎవరును పలుకరాదని శాసించెను. భీముడు మాత్రము చాటున ఈ చేతులే నీ కొడుకులను చంపినవని భుజములు చరచి వినిపించుచుండెను. చివరకు ముసలివాడు అడవికి పోవ నిశ్చయించి, పోవుటకు ముందు భీష్మాదులకును తన కుమారులకును శ్రాద్ధము పెట్టుటకై ధనము కావలెనని విదురునిచేత కబురంపెను. దుర్యోధనునకు మన సొమ్ముతో పిండమా యని భీముడు మండిపడెను. ధర్మరాజు విదురుని వెనుకకు పంపుచు చెప్పించినది ఇది: భీముని సొమ్ము అక్కరలేదు, తన యింటినుండియు అర్జునుని యింటినుండియు పెదతండ్రి ఎంత కోరిన అంత తీసికొని, ఎవరికి పెట్టదలచిన వారికి పెట్టవచ్చును.